ఆరు లక్షల బెంగళూరా, మూడున్నర లక్షల రేణిగుంటా: ఆఫర్లను పోల్చుకోవడం ఎలా?

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు చుట్టాల కొరత ఉండదు. దర్శనానికి వచ్చినవాళ్లు మన ఇంట్లోనే దిగుతారు, కొండకు పోయి వస్తారు, తలా ఒక లడ్డూ ముక్క పెడతారు, కాఫీ తాగుతూ అడుగుతారు: "అబ్బాయి ప్యాకేజీ ఎంత?" మీరు మూడున్నర అంటే, "మా మేనల్లుడికి బెంగళూరులో ఆరంట" అని వస్తుంది జవాబు. ఆ పూటకి మీ అమ్మ మొహం చిన్నబోతుంది.

నిజానికి ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడకూడదు. ఆ సంగతి నేను చెన్నైలో నాలుగేళ్లు, బెంగళూరులో ఆరేళ్లు ఉండి, కొంత డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను. ఇప్పుడు మా వీధి పిల్లలు రెండు మూడు ఆఫర్ లెటర్లు పట్టుకుని వస్తే ఒక తెల్ల కాగితం ముందు పెట్టి కూర్చోబెడతాను. గంటన్నర పని. మీరూ ఒక కాగితం, పెన్ను తెచ్చుకోండి.

మదనపల్లె లెక్క

ఊరు మారితే జీతం ఎందుకు మారుతుంది? "బెంగళూరులో ఖర్చులెక్కువ, అందుకని జీతమూ ఎక్కువ" అంటారు అందరూ. అందులో సగమే నిజం. ముంబైలో అద్దెలు బెంగళూరు కంటే ఎక్కువ. అయినా సాఫ్ట్‌వేర్ జీతాల్లో ముందుండేది బెంగళూరే. ఖర్చును బట్టే జీతమైతే ఇలా జరగదు.

మదనపల్లె మార్కెట్‌కి టమాటా తోలుకుపోయిన రైతును అడగండి. ఎకరాకి ఎంత పెట్టుబడి పెట్టావని అక్కడ ఎవరూ అడగరు. ఆ రోజు ఎన్ని లోడ్లు వచ్చాయి, కొనేవాళ్లు ఎంతమంది నిలబడ్డారు, అంతే. జీతమూ అలాంటిదే. కంపెనీ మీకిచ్చేది మీ అద్దె చూసి కాదు, మీరు పక్క కంపెనీకి పోకుండా ఉండటానికి ఎంత కావాలో చూసి. పక్కన కంపెనీలే లేని ఊళ్లో ఆ భయం ఉండదు, జీతం పెరగదు.

కాబట్టి మీ పనిని కొనేవాళ్లు ఏ ఊళ్లో ఎంతమంది ఉన్నారో ముందు లెక్కపెట్టండి. ఏదైనా ఒక జాబ్ సైట్ తెరిచి, మీరు చేయగల పని పేరు, మీ అనుభవం పెట్టి, ఒక్కో ఊరికి విడిగా వెతకండి. ప్రకటనలు కాదు, కంపెనీలు లెక్కపెట్టాలి. ఒకే ఉద్యోగాన్ని నలుగురు కన్సల్టెంట్లు నాలుగుసార్లు వేస్తుంటారు.

ఈ లెక్కలో అన్ని పనులకూ ఒకే ఊరు మొదట రాదు, గమనించండి. చిప్ డిజైన్ అయితే బెంగళూరు, హైదరాబాద్, నోయిడా. కార్లలోకి వెళ్లే ఎంబెడెడ్ పని అయితే చెన్నై, పుణె, బెంగళూరు. క్లౌడ్, వెబ్, డేటా పనులకు బెంగళూరు తర్వాతే ఎవరైనా. అదే ఎలక్ట్రానిక్స్ తయారీ అనుకోండి: ఎస్ఎంటీ లైన్ (సర్క్యూట్ బోర్డుల మీద భాగాలు అతికే లైన్), ప్రాసెస్, టెస్టింగ్, క్వాలిటీ. వాటికి మన రేణిగుంట, వికృతమాల, తడ దగ్గరి శ్రీసిటీ, సరిహద్దు దాటితే శ్రీపెరంబుదూరు, ఒరగడం అంతా కలిపి ఒకే సంత. బ్యాటరీలంటే కరకంబాడి ఉండనే ఉంది. ఈ పని చేసేవాళ్లు ఇంటి దగ్గర చేరినా సంత మధ్యలోనే ఉన్నట్టు. ఈసీఈ చదివి, లైన్ మీద పని ఇష్టమై, కేవలం "బెంగళూరు" అన్న మాట కోసం మాన్యువల్ టెస్టింగ్‌కి పోయినవాళ్లు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు. వాళ్లు ఊరు మార్చామనుకున్నారు. మారింది వృత్తి.

పెద్ద సర్వీస్ కంపెనీల సంగతి వేరు. అవి క్యాంపస్‌లో తీసుకునే ఫ్రెషర్లకు చాలావరకు దేశమంతటా ఒకే ప్యాకేజీ ఇస్తాయి. చెన్నైలో వేసినా, పుణెలో వేసినా మీ చేతికొచ్చేది అదే. అక్కడ ఊరు ఎంచుకునే అవకాశం ఇస్తే మొహమాటపడకుండా ఖర్చు తక్కువయ్యే ఊరు, ఇంటికి దగ్గరి ఊరు రాయండి.

లెటర్‌ని విడగొట్టండి

ఆఫర్ లెటర్ చివర అనుబంధంలో ఒక పట్టిక ఉంటుంది. చాలామంది దాని అడుగు వరస మాత్రమే చూస్తారు. నా మొదటి కంపెనీలో నేనూ అంతే. అందులో పదిహేను శాతం వేరియబుల్, అంటే వస్తుందన్న హామీ లేని భాగం. మొదటి ఏడాది అది పైసా కూడా రాలేదు, ఎందుకంటే నేను ఏడాది మధ్యలో చేరాను, ఆ నియమం లెటర్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. ఆ డబ్బు నమ్ముకుని బండి వాయిదాలు కట్టుకున్న తెలివితక్కువతనం నాది.

ఇప్పుడు రెండు ఆఫర్లు తీసుకుందాం. అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి. మీ లెటర్‌లోవి వేసుకుని ఇదే దారిలో నడవండి.

బెంగళూరు ఆఫర్, సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 6,00,000. బేసిక్ నెలకు 25,000. ఇందులోంచి మీ చేతికి నెలనెలా రానివి తీసేయండి. వేరియబుల్ 60,000. కంపెనీ వాటా పీఎఫ్, చట్టంలోని 15,000 పరిమితి మీద 12 శాతం చొప్పున నెలకు 1,800, ఏడాదికి 21,600. గ్రాట్యుటీ (కంపెనీ వదిలేటప్పుడు ఇచ్చే డబ్బు), బేసిక్ మీద 4.81 శాతం, అంటే 14,430. ఇన్సూరెన్స్ ప్రీమియం 9,970 అనుకుందాం. మొత్తం 1,06,000 పోయింది. మిగిలిన 4,94,000ని పన్నెండుతో భాగిస్తే 41,167. అందులోంచి మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 తీస్తే 39,167.

రేణిగుంట ఆఫర్, సీటీసీ 3,60,000. బేసిక్ 15,000, వేరియబుల్ లేదు. కంపెనీ పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ 8,658, ఇన్సూరెన్స్ 5,742. మొత్తం 36,000. మిగిలింది 3,24,000, నెలకు 27,000. మీ పీఎఫ్, వృత్తి పన్ను పోగా 25,000.

కాగితం మీద తేడా నెలకు ఇరవై వేలు. చేతిలోకొచ్చేసరికి పద్నాలుగు వేలైంది.

పీఎఫ్ మీదే కదా, పోయిందంటావేమిటి అంటారా? పోలేదు, మీ పేరు మీదే ఉంటుంది. కానీ దానితో పీజీ అద్దె కట్టలేరు. గ్రాట్యుటీ మాత్రం జాగ్రత్త. పర్మనెంట్ ఉద్యోగులకు మామూలుగా అయిదేళ్ల సర్వీసు నిండితేనే చేతికొస్తుంది. మూడేళ్లకోసారి కంపెనీ మారేవాళ్లు ఆ వరసను కొట్టేయడమే మంచిది.

జాయినింగ్ బోనస్ ఉంటే ప్యాకేజీలో కలపకండి, పక్కన విడిగా రాయండి. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలన్న షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

ఆదాయపు పన్ను మన దేశంలో ఏ ఊళ్లో ఉన్నా ఒకటే. 2025-26 సంవత్సరానికి కొత్త విధానంలో, జీతం మీదే బతికేవాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12,75,000 దాకా పన్ను పడదు. కాబట్టి ఫ్రెషర్లు దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఇంటి అద్దె మీద మినహాయింపు పాత విధానంలోనే ఉంది. కొత్త విధానం ఎంచుకుంటే అద్దె రసీదులు దాచుకుని లాభం లేదు. వృత్తి పన్ను ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా వసూలు చేస్తారు, కానీ రాజ్యాంగం ప్రకారమే ఏడాదికి 2,500 దాటకూడదు. దాన్ని చూసి ఊరు ఎంచుకునేవాళ్లు ఉండరు.

ఊరి ఖర్చు

ఇక్కడ అందాజాలు పనికిరావు. ఆ ఊళ్లో, ఆ ఏరియాలో ఇప్పుడు ఉంటున్న మీ సీనియర్‌కి ఫోన్ చేసి పోయిన నెల ఖర్చు అడగండి. "ఎంతవుతుంది అన్నా?" అంటే "ఏముందిరా, పది పదిహేను" అంటాడు. అలా కాదు. "అన్నా, పోయిన నెల పీజీకి ఎంత కట్టావు, డిపాజిట్ ఎంత, ఆఫీసుకి రోజూ ఎంత, ఇంటికి ఎన్నిసార్లొచ్చావు" అని విడివిడిగా అడగండి. ఏరియా ముఖ్యం. ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో ఉంటే మారతహళ్లి పీజీ లెక్క వేరు, జయనగర్ లెక్క వేరు.

మన బెంగళూరు అబ్బాయికి ఇలా వేద్దాం: షేరింగ్ పీజీ భోజనంతో 10,000, ఆఫీసులో మధ్యాహ్నం తిండి 2,500, తిరుగుడు 2,500, నెలకు రెండుసార్లు తిరుపతికి రానుపోను బస్సు 2,000, ఫోను, బట్టలు, సినిమా, శనివారం బిర్యానీ కలిపి 4,000. మొత్తం 21,000. మిగులు 18,000 చిల్లర.

రేణిగుంట అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది. కంపెనీ బస్సు వస్తుంది, ఒక పూట క్యాంటీన్ ఉంటుంది. తన ఖర్చులు 5,000 వేసినా మిగులు 20,000. చుట్టాలకు కొండ మీద గదులు, టికెట్లు బుక్ చేసే ఖర్చు కూడా ఉంటుందనుకోండి, అది నేను లెక్కలో వేయలేదు. ఎవరైనా వేయగలిగితే చెప్పండి.

అంటే మూడున్నర లక్షల అమ్మాయి ఆరు లక్షల అబ్బాయి కంటే నెలకు రెండు వేలు ఎక్కువ మిగుల్చుకుంటోంది. ఈ మాట చెప్పగానే పిల్లల అమ్మానాన్నలు పెన్ను కింద పెట్టేస్తారు, "అయితే ఇక్కడే చేరు" అని. ఆగండి.

మూడో ఏడు ఏమవుతుంది?

కాగితం మీద రెండో గడి గీయండి. పైన "మూడేళ్ల తర్వాత" అని రాయండి. ఇది మీ లెటర్‌లోని అంకెతో నింపలేం. అదే పని మూడేళ్లు చేసినవాళ్లకు ఆ ఊళ్లో ఎంత ఇస్తున్నారో కనుక్కుని నింపాలి. జాబ్ సైట్లలో మూడేళ్ల అనుభవానికి వచ్చే ప్రకటనలు చూడండి. జీతాలు రాసే సైట్లలో ఊరు, సంవత్సరం రెండూ ఫిల్టర్ పెట్టి చూడండి. ఊరు పెట్టకపోతే దేశం మొత్తం సగటు చూపిస్తాయి, దాంతో మీకు పని లేదు. అవి ఉద్యోగులు వాళ్లంతట వాళ్లు రాసిన అంకెలు. కొందరు సీటీసీ రాస్తారు, కొందరు ఫిక్స్‌డ్ (వేరియబుల్ పోగా కచ్చితంగా వచ్చే జీతం) రాస్తారు. అందుకే కనీసం ముగ్గురు మనుషుల్ని అడిగి సరిచూసుకోవాలి. అడిగేటప్పుడు "ఫిక్స్‌డ్ ఎంత?" అనే అడగండి.

అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది. క్లౌడ్ పని నేర్చుకున్న అబ్బాయికి మూడో ఏడు బెంగళూరులో, అదే రోడ్డు మీద, అడిగే కంపెనీలు బోలెడు. అలాంటి పనిలోనే తిరుపతిలో చేరిన వాళ్లకు అడిగేవాళ్లు ఒకరో ఇద్దరో; ఏడాదికి ఏడెనిమిది శాతం ఇంక్రిమెంటే గతి. లైన్ మీద ప్రాసెస్ ఇంజనీరుగా చేరిన అమ్మాయి సంగతి అలా కాదు. ఆమెకు శ్రీసిటీ, శ్రీపెరంబుదూరు ఉన్నాయి. తిరుపతి నుంచి చెన్నై నూట నలభై కిలోమీటర్లు, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం ఇంటర్వ్యూకి అందుకోవచ్చు.

నా అభిప్రాయం అడిగితే: సాఫ్ట్‌వేర్ అయితే మొదటి నాలుగేళ్లు బెంగళూరో హైదరాబాదో పోండి, మిగులు తక్కువైనా సరే. తయారీ రంగమైతే ఇల్లు వదలక్కర్లేదు. చిత్తూరు వాళ్లకు ఇంకో సౌకర్యం, పలమనేరు మీదుగా బెంగళూరు ఇంకా దగ్గర. వారానికోసారి ఇంటికొచ్చి అమ్మ చేతి సంగటి తిని పోతున్నవాళ్లున్నారు.

పెళ్లయినవాళ్లకు లెక్క మారుతుంది. హైదరాబాద్‌లో 18 లక్షలు వస్తోంది, బెంగళూరులో 21 ఇస్తామన్నారు అనుకోండి. పెరిగిన మూడు లక్షల్లో దాదాపు 64 వేలు పన్నుకే పోతుంది. మిగిలేది నెలకు ఇరవై వేలలోపు. డబుల్ బెడ్‌రూమ్ అద్దె తేడా పన్నెండు వేలు, పిల్లాడి స్కూలు తేడా నాలుగైదు వేలు అయితే మీకు దక్కేది మూడు నాలుగు వేలు. దానికి తోడు అయిదారు నెలల అద్దె డిపాజిట్టు అడుగుతారు. మీ ఆవిడో మీ ఆయనో ఉద్యోగం మానుకుని రావాల్సి వస్తే ఈ కాగితం చింపేసి మళ్లీ మొదలుపెట్టండి.

అడగడం

ఇప్పుడు హెచ్ఆర్‌కి ఫోన్. మదనపల్లె సంత గుర్తుందిగా? "మేడమ్, బెంగళూరులో అద్దెలెక్కువ, కొంచెం పెంచండి" అంటే ఆమె సానుభూతిగా నవ్వుతుంది, అంతే. అద్దె ఆమె సమస్య కాదు. ఇలా అడగండి: "ఈ పనికి, ఇంత అనుభవానికి బెంగళూరులో ఫిక్స్‌డ్ ఇంత నడుస్తోంది. నాకు ఇంకో ఆఫర్‌లో ఫిక్స్‌డ్ ఇంత ఉంది. మీ దగ్గరే చేరాలని ఉంది. ఫిక్స్‌డ్‌లో ఎంత సర్దగలరు?" లేని ఆఫర్ ఉందని మాత్రం చెప్పకండి, లెటర్ చూపించమంటారు.

ఫ్రెషర్లకు ప్యాకేజీ కదలదు. అందుకని వేరేవి అడగండి: చేరే తేదీ, ఊరు, మొదటి రెండు వారాల బస, రైలు ఖర్చు. అవి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, అడగనివాళ్లకు ఇవ్వరు.

బాండ్ (ఇన్నేళ్లు మానేయనని రాసిచ్చే ఒప్పందం) ఉందేమో చూడండి, నోటీసు పీరియడ్ ఎన్నాళ్లో చూడండి. తొంభై రోజుల నోటీసు ఉంటే తర్వాతి కంపెనీ మీకోసం ఆగదు, అంటే ఆ సంతలో మీ ధర అక్కడే తగ్గింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమంటే ఇవ్వకండి. చూపించి, జిరాక్సులు ఇచ్చి రండి.

ఇంటి నుంచే పని చేయమంటే

తిరుపతిలో కూర్చుని బెంగళూరు జీతం తీసుకోవడం అందరి కల. కొన్ని కంపెనీలు మనిషి ఎక్కడుంటే అక్కడి రేటు ఇస్తాయి. గిట్‌ల్యాబ్ అనే కంపెనీ ఒక్కో ప్రాంతానికి ఒక గుణకం పెట్టి జీతం కట్టే పద్ధతిని బహిరంగంగానే రాసుకుంది. 2021లో గూగుల్ కూడా అమెరికాలో ఖరీదైన ఊరు వదిలి ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు జీతం తగ్గుతుందని ఉద్యోగులకు చెప్పింది. కాబట్టి లెటర్ సంతకం పెట్టకముందే మూడు సంగతులు మెయిల్‌లో రాయించుకోండి: నా జీతం ఏ ఊరి లెక్కన కట్టారు? నేను తిరుపతికి మారితే తగ్గిస్తారా? ఆఫీసుకి రమ్మంటే ఎన్ని రోజుల ముందు చెబుతారు? నోటిమాటకు విలువ లేదు. మేనేజర్ మారాడంటే మాట మారుతుంది.

డాలర్లని హెచ్చవేయకండి

లక్షా ఇరవై వేల డాలర్లు అనగానే మనవాళ్లు చేతిలో ఫోన్ తీసి రూపాయల్లోకి మార్చేస్తారు. కోటి అవుతుంది. ఆ కోటిని అక్కడే ఖర్చుపెట్టాలన్నది మర్చిపోతారు. ధరల తేడాను సరిచేసే ప్రపంచ బ్యాంకు లెక్కలో డాలరుకు ఇరవై నుంచి పాతిక రూపాయలే వస్తుంది. మీరు పంపించే డబ్బుకి మార్కెట్ రేటు వేయండి, అక్కడ తిని ఉండే డబ్బుకి ఈ లెక్క వేయండి.

మనకు లేనిది అమెరికాలో ఒకటుంది: రాష్ట్రాల ఆదాయపు పన్ను. టెక్సాస్, వాషింగ్టన్, ఫ్లోరిడాల్లో జీతం మీద అది లేదు. లక్షా ఇరవై వేల మీద ఒంటరి మనిషికి కేంద్ర పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పోగా డల్లాస్‌లో దాదాపు 93 వేలు చేతికొస్తే, కాలిఫోర్నియాలో ఇంకో ఎనిమిది వేల దాకా రాష్ట్రం తీసుకుంటుంది. అద్దెల తేడా దానికి అదనం. మరి కాలిఫోర్నియాకి ఎందుకు ఎగబడతారు? అక్కడ కొనేవాళ్లు ఎక్కువ. మళ్లీ అదే సంత.

అక్కడి రేటు తెలుసుకోవడం మన దగ్గరికంటే సులువు. కొలరాడో 2021 నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్ 2023 నుంచి ఉద్యోగ ప్రకటనల్లో జీతం పరిధి రాయాలని చట్టం పెట్టాయి. హెచ్-1బీ (అమెరికాలో ఉద్యోగానికిచ్చే వీసా) కోసం కంపెనీ ఆ ప్రాంతంలో ఆ పనికి నడిచే జీతానికి తగ్గకుండా ఇస్తానని ముందే ప్రకటించాలి. ఆ దరఖాస్తుల వివరాలను వాళ్ల కార్మిక శాఖ బయటపెడుతుంది. పని, ఊరు పెట్టి చూస్తే ఎవరు ఎంత చూపించారో కనిపిస్తుంది.

జర్మనీలో అంకె చూసి మోసపోకండి. అరవై వేల యూరోలంటే పన్ను, ఆరోగ్య బీమా, పెన్షన్ పోగా ఒంటరి మనిషికి నెలకు మూడు వేల చిల్లర చేతికొస్తుంది. అదే సమయంలో ఆసుపత్రి ఖర్చు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. దుబాయ్‌లో జీతం మీద పన్నే లేదు, అయితే అక్కడి అంకెలో ఇల్లు, విమానం టికెట్లు, పిల్లల స్కూలు కలిపారో లేదో అడగాలి.

కాగితం నిండిందా? ఒక్కో ఆఫర్‌కి మూడు అంకెలు మిగలాలి: చేతికొచ్చేది, నెలాఖరు మిగులు, మూడో ఏడు ఆ ఊళ్లో నడిచే ఫిక్స్‌డ్. ఇంట్లోవాళ్లకు ఈ మూడూ చూపించండి, సీటీసీ చూపించకండి. హెచ్ఆర్ శుక్రవారంలోగా చెప్పమంటే సోమవారం దాకా గడువు అడగండి, మామూలుగా ఇస్తారు. ఆ రెండు రోజుల్లో ఆ కంపెనీ వదిలేసి వచ్చినవాళ్లు ఒక్కరు దొరికినా ఫోన్ చేసి, వేరియబుల్ నిజంగా ఎంత వచ్చిందో అడగండి.